మెరిట్ జాబితాలో పేరు పక్కన ఉండే అంకెలు: ప్రభుత్వ వైద్యశాఖలో తొలి ఉద్యోగం సంపాదించడం ఎలా

జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి కార్యాలయం గోడ మీద తాత్కాలిక మెరిట్ జాబితా అంటించిన రోజున అక్కడ గుమిగూడేవాళ్లలో చాలామంది తమ పేరు ఎన్నో వరుసలో ఉందో చూసుకుని వెనుదిరుగుతారు. ఆ పేరు పక్కన వరుసగా ఉండే మూడు నాలుగు గడులను ఆగి చదివేవాళ్లు తక్కువ. ఏఎన్ఎంగానో (గ్రామస్థాయి సహాయక నర్సు మంత్రసాని), ల్యాబ్ టెక్నీషియన్‌గానో, ఫార్మసిస్టుగానో కింది మెట్టు మీద చేరి పైకి రావాలనుకునేవాళ్లు మొట్టమొదట చదవవలసినవి ఆ గడులే. ఏ కోర్సులో చేరాలి, ఎక్కడ పనిచేయాలి, ఏ కాగితం దాచుకోవాలి అన్న ప్రశ్నలన్నింటికీ జవాబు వాటిలోనే దొరుకుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా స్థాయిలో జరిగే కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ నియామకాల్లో 100 మార్కుల లెక్క కొన్నేళ్లుగా దాదాపు ఒకే తీరులో నడుస్తోంది. కోర్సులో అన్ని సంవత్సరాలూ కలిపి వచ్చిన శాతాన్ని 75 మార్కులకు కుదిస్తారు. కోర్సు పాసైన నాటి నుంచి గడిచిన ఒక్కో పూర్తి సంవత్సరానికి 1 మార్కు చొప్పున 10 మార్కుల దాకా కలుపుతారు. మిగిలిన 15 మార్కులు ప్రభుత్వ ఆరోగ్య సంస్థల్లో అప్పటికే కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతుల్లో చేసిన సేవకు దక్కుతాయి: ప్రతి 6 పూర్తి నెలలకు గిరిజన ప్రాంతంలో 2.5, గ్రామీణ ప్రాంతంలో 2, పట్టణంలో 1. తెలంగాణలో 2023లో వైద్య ఆరోగ్య సేవల నియామక మండలి స్టాఫ్ నర్సు పోస్టులకు రాతపరీక్ష పెట్టినప్పుడు 80 మార్కులు పరీక్షకు, 20 మార్కులు ఇలాంటి సేవకు కేటాయించింది. అక్కడ కూడా 6 నెలలకు గిరిజన ప్రాంతంలో 2.5, మిగతా చోట్ల 2 అన్నదే లెక్క. నోటిఫికేషన్‌కూ నోటిఫికేషన్‌కూ చిన్న చిన్న తేడాలు ఉంటాయి కనుక ఆ పేజీని ప్రతిసారీ కొత్తగా చదవాలి గాని, మూలసూత్రం మాత్రం ఇదే.

ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూడండి. ఆంధ్రప్రదేశ్ పద్ధతిలో ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతంలో, పనిచేసినవాళ్లకు సేవ మార్కులు 15 నిండడానికి మూడేళ్లు చాలు. గ్రామంలో అయితే నాలుగేళ్లు, పట్టణంలో ఏడున్నర ఏళ్లు పడుతుంది. కోర్సులో 80 శాతం తెచ్చుకున్న అభ్యర్థికి, 70 శాతం తెచ్చుకున్న అభ్యర్థికి మధ్య తేడా 7.5 మార్కులు, ఆ తేడాను ఏజెన్సీలో ఏడాదిన్నర పని పూడ్చేస్తుంది. ఇంటికి దగ్గరగా ఉంటుందని పట్టణ ఆరోగ్య కేంద్రంలో చేరినవాళ్లు అదే తేడాను పూడ్చుకోవాలంటే నాలుగేళ్లు ఆగాలి. కొత్తగా కోర్సు పూర్తిచేసినవాళ్లకు ఈ విధానం అన్యాయంగా కనిపించడం సహజమే, నాకూ మొదట్లో అలాగే అనిపించింది. అయితే ఎవరూ వెళ్లని చోటికి మనుషులను రప్పించడానికి ప్రభుత్వం చేతిలో ఉన్న కొద్దిపాటి ఎరల్లో ఇది ఒకటి. కాబట్టి తొలి ఉద్యోగం ఎంచుకునేటప్పుడు నెల జీతం కంటే ముందు ఆ ఊరు ఏ కోవలోకి వస్తుందో అడిగి తెలుసుకోవాలి.

ఉద్యోగాలు ఎక్కడెక్కడ ఉంటాయో స్థూలంగా తెలిస్తే చాలు. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 జనాభాకు ఒక సబ్ సెంటర్. 30,000 జనాభాకు, గిరిజన ప్రాంతంలో అయితే 20,000కు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. దాని పైన సామాజిక ఆరోగ్య కేంద్రం, ఏరియా ఆస్పత్రి, జిల్లా ఆస్పత్రి, బోధనాస్పత్రి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ప్రజారోగ్య సంచాలకుల కింద, ఏరియా, జిల్లా ఆస్పత్రుల్లో ఎక్కువ భాగం వైద్య విధాన పరిషత్తుగా పేరుపడిన ద్వితీయ స్థాయి ఆస్పత్రుల విభాగం కింద, బోధనాస్పత్రులు వైద్య విద్యా సంచాలకుల కింద నడుస్తాయి. మూడు విభాగాలూ వేర్వేరుగా నోటిఫికేషన్లు ఇస్తాయి కాబట్టి ఒకే కార్యాలయం చుట్టూ తిరిగేవాళ్లు మిగతా రెండింటిలో వచ్చిన అవకాశాలను చేజార్చుకుంటారు. ఆశా కార్యకర్త సంగతి వేరు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆ బాధ్యతను ఉద్యోగంగా గుర్తించలేదు; ఊరి కోడలో ఆడపడుచో స్థానికంగా ఎంపికై గౌరవ వేతనానికో, పారితోషికానికో చేసే పని అది.

కోర్సు ఎంచుకోవడం

ఇంటర్ పూర్తిచేసినవాళ్లకు ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఏఎన్ఎం కోర్సు రెండేళ్లది, ఆడపిల్లలకు మాత్రమే. భారతీయ నర్సింగ్ మండలి నిబంధనల ప్రకారం చేరడానికి కనీస వయసు 17, గరిష్ఠ వయసు 35. పెళ్లై, పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక చదువు మళ్లీ మొదలుపెట్టిన అమ్మాయిలు ఈ కోర్సులో ఎక్కువగా కనిపించడానికి ఆ వయోపరిమితి ఒక కారణం. పారామెడికల్ బోర్డు ఇచ్చే ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా రెండోది. రెండేళ్ల డీ ఫార్మసీ మూడోది; దాని తరువాత 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ తప్పనిసరి. ఇవి కాక ఇంటర్ ఒకేషనల్‌లోనే మల్టీపర్పస్ హెల్త్ వర్కర్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులున్నాయి. పేద కుటుంబాల పిల్లలకు అవి ఎంతో మేలు చేసే కోర్సులు. కాని ఒకేషనల్ సర్టిఫికెట్ ఒక్కటే చూపిస్తే దరఖాస్తు తిరస్కరిస్తారు. గుర్తించిన ప్రభుత్వ ఆస్పత్రిలో ఏడాది క్లినికల్ శిక్షణ గాని, అప్రెంటిస్‌షిప్ గాని పూర్తిచేసిన పత్రం దానికి జతపడాలి. ఇంటర్ పాసై, ఈ ఏడాది శిక్షణ సంగతి ఎవరూ చెప్పక రెండు మూడేళ్లు ఖాళీగా కూర్చున్న పిల్లలను చాలామందిని చూశాను.

ప్రైవేటు సంస్థలో చేరేముందు రెండు విషయాలు స్వయంగా వెళ్లి కనుక్కోవాలి. నర్సింగ్ కోర్సు అయితే రాష్ట్ర నర్సుల మంత్రసానుల మండలి గుర్తింపు, పారామెడికల్ కోర్సు అయితే ఆ రాష్ట్ర పారామెడికల్ బోర్డు గుర్తింపు ఆ సంస్థకు మీరు చేరే సంవత్సరానికి ఉందా అన్నది మొదటిది. ఎప్పుడో వచ్చిన గుర్తింపు పత్రాన్ని అద్దాల ఫ్రేములో పెట్టి చూపిస్తే సరిపోదు. క్లినికల్ శిక్షణ ఏ ఆస్పత్రిలో ఇస్తారు, ఆ ఆస్పత్రిలో రోజుకు ఎన్ని ప్రసవాలు జరుగుతాయి, ల్యాబ్‌కు ఎన్ని నమూనాలు వస్తాయి అన్నది రెండోది. తరగతికి రాకపోయినా ఫరవాలేదు, పరీక్షల సంగతి మేం చూసుకుంటామని చెప్పే చోట చేరకండి. అక్కడ సర్టిఫికెట్ రావచ్చు. కాని తొలి బుధవారం టీకాల గదిలో నిలబడ్డప్పుడు చేయి వణుకుతుంది.

సప్లిమెంటరీల విషయంలో అజాగ్రత్త కూడదు. పాసైన తేదీ నుంచే సంవత్సరాల మార్కు లెక్కిస్తారు కాబట్టి ఒక్క పేపరు మిగిలిపోయి ఏడాది ఆలస్యమైతే శాతంతో పాటు ఒక మార్కు కూడా పోతుంది. చివరి పది స్థానాల కోసం పోటీపడేవాళ్ల మధ్య తేడా చాలాసార్లు ఒక మార్కు కంటే తక్కువే ఉంటుంది.

కాగితాల కట్ట

కోర్సు పూర్తయిన వెంటనే చేయవలసిన మొదటి పని రిజిస్ట్రేషన్. ఏఎన్ఎంలు నర్సుల మంత్రసానుల మండలిలో, ల్యాబ్ టెక్నీషియన్లు పారామెడికల్ బోర్డులో, ఫార్మసిస్టులు ఫార్మసీ మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. నోటిఫికేషన్ వచ్చాక చేయించుకుందామనుకుంటే గడువు లోపల పత్రం చేతికి రాదు. సాధారణంగా నోటిఫికేషన్‌కూ ఆఖరు తేదీకీ మధ్య వారం, పది రోజులే ఉంటాయి. రెన్యూవల్ తేదీని పెళ్లిరోజులా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే గడువు దాటిన రిజిస్ట్రేషన్‌ను చెల్లుబాటు కానిదిగానే చూస్తారు. తెలంగాణలో చదివి ఆంధ్రప్రదేశ్‌లో దరఖాస్తు చేసుకునేవాళ్లు, అటు నుంచి ఇటు వచ్చేవాళ్లు ఆ రాష్ట్రపు మండలిలో నమోదు అడుగుతున్నారా అన్నది చూసుకోవాలి.

తరువాత స్థానికత. ఆంధ్రప్రదేశ్ నోటిఫికేషన్లు 4 నుంచి 10వ తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతూ వచ్చాయి. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల తరువాత 1 నుంచి 7వ తరగతి దాకా చదివిన చోటును బట్టి స్థానికత నిర్ణయిస్తున్నారు. రెండు మూడు బడులు మారినవాళ్లు, మూతపడిన ప్రైవేటు బడిలో చదివినవాళ్లు ముందుగానే మండల విద్యాధికారి కార్యాలయానికి వెళ్లి ఆ సంగతి తేల్చుకుంటే ఆఖరి రోజున ఏడవవలసిన అవసరం రాదు. అన్ని తరగతుల మార్కుల జాబితాలు, కుల ధ్రువీకరణ పత్రం, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలవాళ్లు అయితే ఆ ఏడాది పత్రం, దివ్యాంగులు అయితే సదరం సర్టిఫికెట్, వీటన్నింటినీ ఒక కట్టగా కట్టి పెట్టుకోవాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో, కోర్సు సర్టిఫికెట్‌లో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు ఆధార్‌లో మారి, మిగతావాటిలో పాతదే ఉండిపోవడం ఏఎన్ఎం అభ్యర్థులకు ఎదురయ్యే అతి సాధారణమైన చిక్కు.

జిల్లా నోటిఫికేషన్లలో చాలావాటికి ఇప్పటికీ దరఖాస్తు చేతికిచ్చి రసీదు తీసుకోవలసిందే, రుసుముకు డిమాండు డ్రాఫ్టు జతపరచవలసిందే. దరఖాస్తులో రాసిన ప్రతి అంకెకూ వెనుక ఆధారపత్రం ఉందా అని మీరే ఒకసారి పరీక్షాధికారిలా సరిచూడండి. తాత్కాలిక జాబితా వచ్చాక అభ్యంతరాలు చెప్పుకోవడానికి రెండు మూడు రోజులే ఇస్తారు. ఆ గడువులో నోటిమాటగా గుమస్తాకు చెప్పి రావడం వల్ల ఒరిగేదేమీ లేదు, రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఇక పోస్టు ఇప్పిస్తానని డబ్బు అడిగే మధ్యవర్తుల సంగతి. శాతం, సంవత్సరాలు, సేవ అన్నీ గోడమీద బహిరంగంగా అంటించే జాబితాలో అతడు మార్చగలిగేది ఏదీ ఉండదు. జాబితాలో ఎలాగూ రాబోతున్నవాళ్ల దగ్గరే అతడు బేరం పెడతాడు, పేరు వస్తే డబ్బు తీసుకుంటాడు, రాకపోతే తిరిగి ఇస్తానంటాడు.

చేరిన తరువాత తొలి వారాలు

తెలుగు రాష్ట్రాల్లో బుధ, శనివారాలు టీకాల రోజులు. కొత్తగా చేరిన ఏఎన్ఎం పనితనం ఏమిటో మెడికల్ ఆఫీసరుకూ, హెల్త్ సూపర్‌వైజరుకూ తెలిసేది ఆ రోజుల్లోనే. ఉదయాన్నే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్ ప్యాకులను నేరుగా వ్యాక్సిన్ క్యారియర్‌లో పెట్టకూడదు. బల్ల మీద కాసేపు ఉంచి, పైన చెమట పట్టాక ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే నాలుగు గోడలకు నాలుగు ప్యాకులు అమర్చాలి. రాయిలా గడ్డకట్టిన ప్యాకు తగిలితే పెంటావాలెంట్, హెపటైటిస్ బి, టీడీ వంటి టీకాలు గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. సీసా చూడడానికి ఏ తేడా లేకుండానే ఉండవచ్చు, బిడ్డకు సూది గుచ్చిన నొప్పి మాత్రం మిగులుతుంది. సీసా మీద టీకాకు వేడి తగిలిందో లేదో చూపే వీవీఎం గుర్తులో లోపలి చదరం బయటి వలయం కంటే లేత రంగులో ఉంటేనే వాడాలి. మీజిల్స్ రుబెల్లా, బీసీజీ సీసాలను కలిపిన వెంటనే వాటి మీద సమయం రాయాలి, ఎందుకంటే నాలుగు గంటలు దాటాక అందులో ఎన్ని డోసులు మిగిలినా పారేయవలసిందే. వాడిన సూదికి మూత తిరిగి పెట్టకుండా హబ్ కట్టర్‌లో కత్తిరించాలి. టీకా వేసిన బిడ్డను అరగంట అక్కడే కూర్చోబెట్టి, ఏ టీకా వేశారో, దేనికి వేశారో, జ్వరం వస్తే ఏం చేయాలో, మళ్లీ ఎప్పుడు రావాలో తల్లికి చెప్పి పంపాలి.

ఇవన్నీ కోర్సులో చెప్పినవే. చెప్పనివి ఊరిని బట్టి ఉంటాయి. మిరప కోతల రోజుల్లో తల్లులు ఉదయం ఏడింటికే చేలకు వెళ్లిపోతారు; ఏజెన్సీలో సంత రోజున ఊరంతా ఖాళీ అవుతుంది. ఆశా కార్యకర్త తయారుచేసిన డ్యూ లిస్టులో (టీకా వేయవలసినవాళ్ల జాబితా) ఎవరు ఎక్కడ ఉంటారో ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. కొత్త ఏఎన్ఎం తన కంటే పదిహేనేళ్లు పెద్దదైన ఆశా కార్యకర్తను పేరు పెట్టి పిలిచి, పనులు పురమాయించడం మొదలుపెడితే మూడో నెలకు డ్యూ లిస్టులో సగం ఇళ్లకు తాళాలే కనిపిస్తాయి. అక్కా అని పిలిచి, టీ తాగుతూ లిస్టు పక్కన కూర్చుంటే ఆమే ఇల్లిల్లూ చూపిస్తుంది. పాడేరు, రంపచోడవరం, సీతంపేట, ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ప్రాంతాల్లో పోస్టు వచ్చినవాళ్లు స్థానిక భాషలో బిడ్డ, జ్వరం, కడుపునొప్పి, రక్తం అన్న మాటలనైనా తొలి నెలలో నేర్చుకోవాలి.

ల్యాబ్ టెక్నీషియన్‌కు ఇలాంటి పరీక్ష క్షయ నమూనా దగ్గర ఎదురవుతుంది. కఫం తెమ్మంటే చాలామంది ఉమ్మి తెస్తారు. దాన్నే పరీక్షించి నెగెటివ్ రాసేయడం తేలిక. గట్టిగా ఊపిరి పీల్చి, లోతు నుంచి దగ్గి కఫం ఎలా తీయాలో రోగికి బయట గాలి ఆడే చోట నిలబెట్టి చూపించడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలు ఎవరూ ఏ రిజిస్టరులోనూ రాయరు. రక్తహీనత కూడా అంతే: హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువ ఉన్న గర్భిణిని ఆ రోజే మెడికల్ ఆఫీసరు దృష్టికి తీసుకువెళ్లాలి గాని, అంకెను కాగితం మీద వేసి మంచం పక్కన పెట్టి రాకూడదు.

పని కంటే నమోదు ఎక్కువైందన్న ఫిర్యాదు ప్రతి సబ్ సెంటర్‌లోనూ వినిపిస్తుంది, అందులో నిజముంది. గర్భిణుల రిజిస్టరు, టీకాల రిజిస్టరు, వాటికి తోడు ఫోనులో యాప్‌లు, 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగరు స్క్రీనింగు. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే: ఇంటి గడప దగ్గర ఉండగానే రాసేయడం. సాయంత్రం గుర్తుచేసుకుని రాసిన బీపీలన్నీ 120, 80గానే ఉంటాయి, ఆ సంగతి పైవాళ్లకూ తెలుసు.

సేవా ధ్రువపత్రం

మళ్లీ ఆ గడుల దగ్గరికి వస్తాను. చేసిన పని మార్కులుగా మారాలంటే సేవా ధ్రువపత్రం కావాలి. నియమించిన అధికారి, అంటే జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారో, జిల్లా ఆస్పత్రుల సేవల సమన్వయాధికారో, బోధనాస్పత్రి సూపరింటెండెంటో దానిపై సంతకం చేయాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారు లెటర్‌హెడ్ మీద మెచ్చుకుంటూ రాసిన ఉత్తరం గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది, మార్కులు రావు. పత్రంలో చేరిన తేదీ, ఏ తేదీ దాకా పనిచేశారు, పోస్టు పేరు, నియామక ఉత్తర్వు సంఖ్య, పనిచేసిన చోటు గిరిజన ప్రాంతమా, గ్రామీణమా, పట్టణమా అన్నది స్పష్టంగా ఉండాలి. నియామక ఉత్తర్వు నకలు దానికి జతపరచాలి.

నా అనుభవం ఒకటి చెబుతాను. మార్చి నెలాఖరుకు ముగిసి ఏప్రిల్‌లో పొడిగించే కాంట్రాక్టులో నేను ఏజెన్సీలో దాదాపు ఏడాది పనిచేశాను. పొడిగింపు ఉత్తర్వు మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది, నేను మాత్రం ఆ మూడు రోజులూ డ్యూటీ చేస్తూనే ఉన్నాను. గుమస్తా ధ్రువపత్రంలో దాన్ని రెండు ముక్కలుగా రాశాడు: ఒకటి 5 నెలల 26 రోజులు, రెండోది 5 నెలల 20 రోజులు. దేనిలోనూ 6 పూర్తి నెలలు లేవు కనుక ఆ జాబితాలో నా సేవకు పడింది సున్నా. అభ్యంతరం రాసి ఇచ్చాను, హాజరుపట్టీ నకలు కావాలన్నారు, అది అందేలోపు గడువు దాటిపోయింది. అప్పటి నుంచి ప్రతి నెలాఖరున హాజరుపట్టీ పేజీని సంబంధిత అధికారి అనుమతితో జిరాక్సు తీయించుకుని దాచడం అలవాటు చేసుకున్నాను. కొత్తగా చేరే ప్రతి ఒక్కరికీ చెప్పేది ఇదే. పొడిగింపు ఉత్తర్వు వచ్చిన రోజునే అందులో తేదీలు చూసి, మధ్యలో ఖాళీ కనిపిస్తే ఆ రోజే సరిచేయమని అర్జీ పెట్టండి. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా చేరినవాళ్లు జీతంలో కోసిన భవిష్యనిధి వాటా ఖాతాలో పడుతోందో లేదో నెలనెలా చూసుకోవాలి. జీతం గొడవ వచ్చినప్పుడు ఫలానా నెలలో పనిచేశారనడానికి ఆ ఖాతా కూడా ఒక సాక్ష్యమే.

సేవ మార్కులు నిండుతున్న కొద్దీ పై చదువు ప్రశ్న ఎదురవుతుంది. నమోదైన ఏఎన్ఎంలకు మూడేళ్ల జనరల్ నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎంలో, జీఎన్ఎంలకు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీలో చేరే అర్హత ఉంది. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద సబ్ సెంటర్లను వెల్‌నెస్ కేంద్రాలుగా మార్చినప్పుడు మొదలైన మధ్యస్థాయి ఆరోగ్య సేవకుల పోస్టులు బీఎస్సీ నర్సింగ్ చదివి, సామాజిక ఆరోగ్యంలో సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు దక్కుతున్నాయి. చదువులో గడిపిన సంవత్సరాలకు సేవ మార్కులు రావు, కాంట్రాక్టు పోస్టు వదులుకుంటే తిరిగి వస్తుందన్న హామీ లేదు. అందుకని రెగ్యులర్ నియామకం దగ్గరలో కనిపిస్తున్నప్పుడు పోస్టులో ఉండి రాతపరీక్షకు చదవడమే మేలని నా అభిప్రాయం. రెగ్యులర్ అయ్యాక హెల్త్ సూపర్‌వైజరు పదోన్నతి దారి తెరుచుకుంటుంది. ఇరవై రెండేళ్లకే ఏఎన్ఎం పూర్తిచేసి, ఇంట్లో ఇంకా మూడేళ్లు చదివించగలిగే స్తోమత ఉన్న అమ్మాయి మాత్రం ఏజెన్సీకి వెళ్లే ముందే జీఎన్ఎం పూర్తిచేయడం మంచిది, అప్పుడు అక్కడ గడిపే మూడేళ్ల సేవ స్టాఫ్ నర్సు జాబితాలో లెక్కకు వస్తుంది.